కడిగేకొద్దీ వెలిగే రాయి

ఆ పిల్లను ఇంట్లోనూ బళ్ళోనూ అందరూ గుసగుస అనే పిలిచేవాళ్ళు. కారణం కోసం పెద్దగా వెతకనక్కర్లేదు. బళ్ళో హాజరు వేసేటప్పుడు "వచ్చానండీ" అన్న మాట ఆమె గొంతులోంచి బయలుదేరి, పెదాల దాకా వచ్చి, బయట ఉన్న జనాన్ని చూసి హడలిపోయి వెనక్కి తిరిగేది. అందువల్ల ఒక్కరోజు కూడా బడి మానని ఆ పిల్ల, రిజిస్టరు ప్రకారం ఏడాదిలో సగం రోజులు ఇంట్లోనే ఉంది. ఇంటికి చుట్టాలొస్తే తలుపు చాటున నిలబడేది. తలుపు లేని గదిలో అమ్మ చాటున నిలబడేది. పదిహేనేళ్ళు నిండి అమ్మకంటే నాలుగు వేళ్ళు పొడుగు పెరిగిందని, ఆ చాటు ఇక చాలదని ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

నోట్లోంచి రాని మాటలన్నీ డైరీలోకి పోయేవి. డైరీలో గుసగుస గొంతు మామూలు గొంతు కాదు. అందులో ఆమె లెక్కల మాస్టారికి ఎదురు సమాధానం చెప్పింది, బస్సులో సీటు లాక్కున్న ఆవిడను కడిగిపారేసింది, విద్యాశాఖ మంత్రికి ఆరు సలహాలు ఇచ్చింది. మంత్రిగారి అదృష్టం బావుండి ఆ పేజీ ఆయన దాకా వెళ్ళలేదు.

రాళ్ళ పిచ్చి పట్టింది మాత్రం మావయ్య కొట్లో. అమ్మకు తమ్ముడైన ఆ మావయ్య ఫోన్లు బాగుచేస్తాడు. పగిలిన అద్దం ఊడదీసి, కొత్తదానికి బొట్టు జిగురు పెట్టి, దానిమీద ఊదారంగు టార్చి వెలుగు వేస్తాడు. ఆ వెలుగు పడితేనే జిగురు గట్టిపడుతుంది. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. షట్టరు సగం దించి ఉంది. చీకట్లో మావయ్య టార్చి పక్కకు జరిగి, బిల్లు కాగితాలు ఎగరకుండా పెట్టిన రాయి మీద పడింది. నాన్న పనిచేసే కంకర క్వారీ నుంచి ఎప్పుడో తెచ్చి పడేసిన మామూలు రాయి అది. అలాంటిది నిప్పుకణికలా నారింజరంగులో భగ్గుమంది.

"మావయ్యా, రాయి అంటుకుంది!" అంది గుసగుస. అంటే అన్నాననుకుంది.

"ఏంటి కోడలా, గొణుగుతున్నావ్?"

ఆమె వేలు చూపించింది.

"ఓ, అదా! అంటుకోలేదే, కొన్ని రాళ్ళంతే. ఈ లైటు పడితే వాటి లోపలి రంగు బయటికొస్తుంది. ఫోన్లో చూడు, వీటిని పోగేసుకునే పిచ్చోళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు."

లోకంలో ఉన్న పిచ్చోళ్ళ లెక్క ఆ సాయంత్రానికి ఒకటి పెరిగింది. మావయ్య ఒక పాత టార్చి, దాంతోపాటు కళ్ళకు పెట్టుకునే పసుపు అద్దాలు ఇచ్చాడు. "కంట్లోకి మాత్రం కొట్టుకోకు. కళ్ళు పోతే మీ అమ్మ నా కొట్టు పీకేస్తుంది" అన్నాడు. ఆ అద్దాలు మావయ్య మొహానికి కొన్నవి. గుసగుస మొహం మీద అవి ముక్కు చివర దాకా జారి, పైన ఆమె కళ్ళు, కింద అద్దం కళ్ళు, మొత్తం నాలుగు కళ్ళతో చూస్తున్నట్టు ఉండేది.

నాన్న క్వారీలో క్రషర్ నడుపుతాడు. పెద్ద బండరాళ్ళు దాంట్లో పడి కంకరగా బయటికొస్తాయి. కూతురు నోరు తెరిచి ఒకటి అడగడమే అరుదు కాబట్టి, ఆమె అడిగిందే తడవుగా నాన్న రోజూ ఖాళీ టిఫిన్ డబ్బాలో రెండు మూడు రాళ్ళు వేసుకొచ్చేవాడు. మెరిసేవి, చారలున్నవి, బొక్కలున్నవి, ఏది కనబడితే అది.

అమ్మ ఆ డబ్బా మూత తీసిన ప్రతిసారీ ఒకటే మాట: "అన్నం తినే డబ్బాలో రాళ్ళేంటండీ? రేపు రాళ్ళ డబ్బాలో అన్నం పెట్టనా?"

అమ్మది బట్టల పని. బస్టాండు పక్కనున్న లాడ్జి నుంచి వారానికి రెండుసార్లు దుప్పట్లు, దిండు గలేబులు మూటలు కట్టుకొచ్చి ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి పంపుతుంది. అమ్మ ఉతికిన దుప్పటి తెలుపుకు ఒక పేరుంది. ఆ తెలుపు కోసం ఆమె నీళ్ళలో ఒక సబ్బుపొడి కలుపుతుంది, పాకెట్టు మీద రాసినదానికంటే ఒక చెంచా ఎక్కువే వేస్తుంది. అలాంటి ఇంట్లోకి క్వారీ దుమ్ముతో రాయి అడుగుపెడితే ఊరుకుంటుందా? అందుకే అమ్మ ఒక చట్టం చేసింది. ఏ రాయైనా ముందు పెరట్లో స్నానం చెయ్యాలి, తర్వాతే గడప దాటాలి. మంచినీళ్ళు వృథా చెయ్యకూడదు కాబట్టి దుప్పట్లు తీసేశాక బకెట్లో మిగిలిన నీళ్ళలోనే ఆ స్నానం.

గుసగుసకు ఈ చట్టం మీద ఏ అభ్యంతరమూ లేకపోయింది. ఉన్నా ఎవరికి చెబుతుంది?

రెండు నెలల్లో నలభై రెండు రాళ్ళు పోగయ్యాయి. పాత చెప్పుల స్టాండులోకి కోడిగుడ్ల అట్టలు తెచ్చి, బూటు పాలిష్‌తో నల్లగా పూసి, ఒక్కో గుంటలో ఒక్కో రాయి పెట్టి, పక్కన చీటీ అతికించింది. ఆ స్టాండు ఇప్పటికీ పాలిష్ వాసనా చెప్పుల వాసనా కలిపి కొడుతుంది. డైరీలో మాత్రం దానిని "నా ప్రదర్శనశాల" అని రాసుకుంది. సందర్శకులు ముగ్గురు: నాన్న, మావయ్య, ఒక బల్లి.

ఫొటోలు తియ్యడం ఇంకో ప్రహసనం. పట్టపగలు మంచం మీద దుప్పటి కప్పుకుని గుడారంలా చేసి, పుస్తకాల దొంతరకు ఫోను ఆనించి, ఎడంచేత్తో టార్చి పట్టుకుని, ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టాలి. కదిలితే రాయి సాగిన మిఠాయిలా వస్తుంది. ఊపిరి వదిలితే అద్దానికి ఆవిరి పడుతుంది. ఒకసారి ఒక నల్లరాయి మీద వెంట్రుకవాసి నీలిగీత తళతళా మెరిసింది. గుసగుస దాన్ని ఇరవై ఫొటోలు తీసి, "సన్నని ఖనిజపు నార, అరుదు" అని చీటీ కూడా రాసింది. తర్వాత తుమ్మింది. ఖనిజపు నార ఎగిరిపోయింది. అది దుప్పటి దారం.

ఇంకెవరైనా అయితే ఆ దారం దగ్గరే ఆగి రెండు నిమిషాలు ఆలోచించేవాళ్ళు. మన గుసగుస ముక్కు తుడుచుకుని తర్వాతి రాయికి వెళ్ళింది.

ఆ తర్వాతి రాయే అసలు రాయి. పిడికెడంత ఉంటుంది, తెల్లగా, సుద్దలా, ఒళ్ళంతా చిల్లులతో ఎండిన రొట్టెముక్కలా ఉంటుంది. చట్టం ప్రకారం బకెట్లో ముంచి, ఆరబెట్టి, దుప్పటి కిందికి తీసుకెళ్ళి టార్చి వేసింది. ఊదారంగు వెలుగులో ఆ రాయి నీలంగా వెలిగింది. మామూలు నీలం కాదు, తెల్లటి నీలం. పౌర్ణమినాడు చంద్రుడు చలికి వణికితే ఎలా ఉంటాడో అలా ఉందని డైరీలో రాసింది. ఆ పోలిక ఎంత నచ్చిందంటే, కింద గీత కూడా గీసుకుంది.

ఫోన్లో ఎంత వెతికినా అలాంటి రాయి కనబడలేదు. నారింజవి ఉన్నాయి, ఎర్రవి ఉన్నాయి, ఆకుపచ్చవి ఉన్నాయి, నీలానివి కూడా ఉన్నాయి కానీ ఈ చలిచంద్రుడి నీలం లేదు. పైగా దీనికి ఇంకే రాతికీ లేని గుణం ఒకటి ఉంది. కడిగేకొద్దీ వెలుగు పెరుగుతోంది! పది రోజులపాటు గుసగుస తేదీలు వేసి మరీ పరీక్షించింది. కడిగినప్పుడల్లా ముందటికంటే ఎక్కువ వెలిగింది. ఇంత శ్రద్ధగా, ఇంత క్రమంగా, ఇంత చక్కటి దస్తూరితో తప్పుదారిన నడిచిన మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు ఉండరు.

ఖనిజాల పేర్లు చాలావరకు ఐట్ అని ముగుస్తాయని ఆమె చదివింది. డైరీలో మెల్లగా "గుసగుసైట్" అని రాసింది. సిగ్గేసి కొట్టేసింది. మళ్ళీ కింద చిన్న అక్షరాలతో రాసుకుంది.

మావయ్య ఊరుకోలేదు. పట్నంలో రాళ్ళు సేకరించేవాళ్ళ సంఘం ఒకటుందని కనుక్కుని, ఆ రాయి ఫొటో, దాని గుణం కలిపి పంపించేశాడు. సంఘం అధ్యక్షురాలు ఒక పళ్ళ డాక్టరమ్మ. మూడోరోజున జవాబు వచ్చింది: "ఫొటో చూశాం. ఇలాంటి నీలం నేనైతే చూడలేదు. కడిగితే పెరగడం మరీ వింత. వచ్చే ఆదివారం ఉదయం పదకొండింటికి గ్రంథాలయం హాల్లో మా ప్రదర్శన ఉంది. చీకటి గదిలో మధ్య అర మీకోసం ఉంచుతున్నాం. రాయి గురించి అయిదు నిమిషాలు మాట్లాడాలి. అందరికీ నచ్చితే ఈ ఏడాది మా సంఘం పుస్తకం అట్టమీద మీ ఫొటోనే వేస్తాం. గమనిక: చీకటి గదిలోకి వచ్చేవాళ్ళు ముదురు రంగు బట్టలు వేసుకోవాలి."

గుసగుస ఆ జవాబు పదకొండుసార్లు చదివింది. అట్టమీద ఫొటో అన్నచోట గుండె ఎగిరి గంతేసింది. అయిదు నిమిషాలు మాట్లాడాలి అన్నచోట అదే గుండె కాళ్ళు విరిగి కూలబడింది. అయినా ఆ రాత్రి డైరీలో రాసుకుంది: "ఒక్కసారి. నేను చెప్పింది నలుగురు విని, అవును నిజమే అనాలి. ఒక్కసారి చాలు. తర్వాత జీవితమంతా నోరు మూసుకునే ఉంటాను."

నాన్న ఇంకా ఘనుడు. క్వారీలో అందరికీ చెప్పేశాడు. మేస్త్రీని బతిమాలి, ఆ తెల్లరాయి దొరికిన మూల కుప్పను క్రషర్‌లో వెయ్యకుండా ఆపించాడు. "మా అమ్మడు కనిపెట్టిన రాయిరా అది. ఆదివారం దాకా ఆ కుప్పను ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడట. రెండు లారీల రాయి ఎండలో కూర్చుని గుసగుస మాట్లాడే రోజు కోసం ఎదురుచూసింది.

శనివారం సాయంత్రం అమ్మ స్కూలు యూనిఫాం తీసి మంచం మీద పరిచింది. తెల్లచొక్కా.

"అమ్మా, ముదురు రంగు వేసుకోమన్నారు" అంది గుసగుస.

"ఏంటే?"

"ముదురు రంగు..."

"ఉన్న ఒక్క నల్లగౌనూ మోచేతి దగ్గర వెలిసిపోయింది. పట్నంలో పెద్దవాళ్ళ ముందు వెలిసిన గౌనుతో నిలబడతావా? పదిమంది దుప్పట్లు తెల్లగా ఉతికి, కన్నకూతుర్ని మాసినదానిలా పంపిందంటారు నన్ను. ఈ చొక్కాకు నీకోసం రెండు చెంచాలు ఎక్కువ వేశాను. చూడు, కళ్ళు చెదరట్లేదూ?"

చెదిరాయి. వాదించడానికి గుసగుస దగ్గర నాలుగు మంచి కారణాలు ఉన్నాయి. నాలుగూ డైరీలో రాసుకుని, తెల్లచొక్కా వేసుకుని వెళ్ళింది.

గ్రంథాలయం హాలు వెనకున్న గదికి కిటికీలన్నీ నల్లగుడ్డతో మూసేశారు. బల్లమీద మెట్లు మెట్లుగా అరలు, వాటిమీద రాళ్ళు. పాతికమంది దాకా జనం. ఒక బస్సు కండక్టరు, ఒక కళ్ళజోళ్ళ కొట్టాయన, ఎవరో దంపతులు. అందరూ నలుపు, ముదురు నీలం, ముదురు గోధుమ. గుసగుస గుమ్మంలో అడుగుపెట్టగానే ఎవరో "నర్సమ్మను ఎందుకు పిలిచారు?" అన్నారు.

పళ్ళ డాక్టరమ్మ పొట్టిగా, గుండ్రంగా, నల్లచీరలో ఉంది. గొంతు మాత్రం గది నిండా ఉంది. "నువ్వేనా అమ్మాయ్! రా రా. వీరు నాన్నగారా? మీ అమ్మాయి పెద్ద పనే చేసిందండీ. ఏదీ రాయి?"

రాయిని డాక్టరమ్మే తీసుకుని మధ్య అరలో పెట్టింది. చీటీ గుసగుస ముందే రాసి తెచ్చింది: "కడిగేకొద్దీ వెలిగే రాయి." నాన్న వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. క్వారీ దుమ్ము ఎంత దులుపుకున్నా కనుబొమల్లో కాస్త మిగిలింది. ఆయన మొహంలో ఉన్న నవ్వు చూస్తే ఈ సంఘం మొత్తాన్ని ఆయనే నడుపుతున్నాడనిపిస్తుంది.

"లైట్లు ఆర్పుతున్నాం. ఎవరూ కదలకండి" అంది డాక్టరమ్మ.

చీకటి. టక్కుమని స్విచ్చి. పైనున్న ఊదారంగు దీపాలు వెలిగాయి. అరలమీద రాళ్ళన్నీ ఒక్కసారి లేచి కూర్చున్నట్టు రంగులు విప్పాయి. నారింజ, ఆకుపచ్చ, నెత్తురెరుపు. మధ్యలో గుసగుస రాయి తెల్లటి నీలంతో అన్నిటినీ తలదన్నేలా వెలిగింది. అందరూ "అబ్బా" అన్నారు.

కానీ ఎవరూ రాయి వైపు చూడటం లేదు.

చీకటి గదిలో పాతికమంది కనబడకుండా పోయారు. కనబడుతున్నది ఒక్క గుసగుస. మెడ నుంచి నడుము దాకా, భుజం నుంచి మణికట్టు దాకా, తల లేకుండా కాళ్ళు లేకుండా, ఉత్త చొక్కా ఒకటి గాల్లో నిలబడి నీలంగా ధగధగలాడుతోంది. జన్మంతా తలుపుల చాటున దాక్కున్న పిల్ల గదిలో ఉన్న అన్ని దీపాలకంటే ఎక్కువ వెలుగుతోంది.

"ఇదేం ఖనిజమండీ బాబూ!" అన్నాడు బస్సు కండక్టరు. అందరూ ఘొల్లుమన్నారు.

"ఏం పొడి వాడతారో కనుక్కోండి" అంది దంపతుల్లో భార్య.

గుసగుసకు భూమి చీలి లోపలికి వెళ్ళిపోవాలనిపించింది. చేతులతో చొక్కా కప్పుకుందామని చూసింది. చొక్కా చేతులూ వెలిగేవే. సిగ్గుతో కుడిచెయ్యి చాపి, ఏదో ఒకటి పట్టుకుందామని అర అంచును పట్టుకుంది. అప్పుడు చూసింది. తన మణికట్టు దగ్గర చొక్కా అంచు. దాని పక్కనే తన రాయి. రెండింటి నీలం ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు. చలిచంద్రుడు కాదు, ఏ చంద్రుడూ కాదు. అమ్మ పొడి.

ఆ ఒక్క క్షణంలో రెండు నెలల డైరీ మొత్తం ఆమె కళ్ళ ముందు తిరగబడింది. బకెట్టు. మిగిలిన నీళ్ళు. చిల్లుల రాయి రొట్టెముక్కలా పీల్చుకున్న సబ్బునీళ్ళు. ఎగిరిపోయిన ఖనిజపు నార. కడిగేకొద్దీ పెరిగిన వెలుగు! పెరగక ఛస్తుందా?

డాక్టరమ్మకు ఇది తట్టలేదు. ఎవరికీ తట్టలేదు. చొక్కా చొక్కాయే, రాయి రాయే అనుకున్నారు. "నవ్వులాపండి" అంటోంది డాక్టరమ్మ. "ఆ రాయి చూడండి ముందు. నా ముప్ఫయ్యేళ్ళ సేకరణలో ఇలాంటి నీలం లేదు. అట్టమీదికి ఇదే అని నేను ఖాయం చేసేశాను. అమ్మాయ్, ఇక నువ్వు మాట్లాడు."

ఏమీ మాట్లాడకపోతే చాలు. అదొక్కటే చెయ్యాలి, అది గుసగుసకు వెన్నతో పెట్టిన విద్య. సిగ్గుపడి తల దించుకుంటే డాక్టరమ్మే నాలుగు మాటలు చెప్పి చప్పట్లు కొట్టిస్తుంది. ఫొటో అట్టమీదికి ఎక్కుతుంది. నాన్న ఆ పుస్తకం క్వారీలో ప్రతివాడికీ చూపిస్తాడు. వెనక గోడ దగ్గర నాన్న చీకట్లో కనబడటం లేదు కానీ, ఆ నవ్వు అలాగే ఉండి ఉంటుందని ఆమెకు తెలుసు.

"సబ్బు" అంది గుసగుస.

"ఏమ్మా? వినబడలేదు."

"సబ్బండీ."

"కొంచెం గట్టిగా చెప్పు తల్లీ, వెనకవాళ్ళకు వినబడాలి."

జీవితంలో మొదటిసారి ఆ మాట పెదాల దాకా వచ్చి వెనక్కి తిరగలేదు. బహుశా చీకట్లో జనం కనబడకపోవడం వల్ల కావచ్చు. "అది రాయి వెలుగు కాదండీ! సబ్బు! మా అమ్మ దుప్పట్లు నానబెట్టిన నీళ్ళలో కడిగాను. నా చొక్కా, అది, రెండూ ఒకటే!"

ఆ గొంతు ఎవరిదా అని అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది గుసగుసే.

డాక్టరమ్మ దగ్గరికొచ్చి, రాయిని తీసి చొక్కా చేతికి ఆనించి చూసింది. "ఎవరైనా ఒక గాజుగ్లాసుతో నీళ్ళు తెండమ్మా" అంది. కళ్ళజోళ్ళ కొట్టాయన తెచ్చాడు. డాక్టరమ్మ రాయిని గ్లాసులో ముంచి, తిప్పి, తన పర్సులోంచి ఒక పళ్ళ బ్రష్షు తీసి, చిల్లుల్లో పెట్టి పాచి తీసినట్టు తోమింది. రాయిలోని నీలం పొగలా నీళ్ళలోకి దిగింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ తోమింది. చివరికి రాయి నిజంగా ఎండిన రొట్టెముక్కలా మిగిలింది. వెలుగు లేదు, రంగు లేదు. గ్లాసు మాత్రం దీపంలా వెలుగుతోంది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అంది డాక్టరమ్మ.

"ఇప్పుడేనండి. చెయ్యి పెట్టినప్పుడు."

"మరి కడిగేకొద్దీ పెరుగుతుందని మీ మావయ్య రాశారే?"

"పెరిగిందండీ. డైరీలో ఉంది."

"అయిదు నిమిషాలు నీవే కదా. చదువు."

మామూలు లైటు వేశారు. గుసగుస సంచీలోంచి డైరీ తీసింది. మాట్లాడటం రాకపోయినా, రాసింది చదవడం ఆమెకు వచ్చు.

"మొదటి రోజు. రాయి నీలంగా వెలిగింది. చిల్లుల్లో మట్టి ఉంది. మళ్ళీ కడగాలి."

ఎవరో కిసుక్కుమన్నారు.

"మూడో రోజు. బాగా కడిగాను. వెలుగు పెరిగింది. ఆరో రోజు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బకెట్లో నానబెట్టాను. వెలుగు చాలా పెరిగింది. ఈ రాయికి నీళ్ళంటే ఇష్టమని నా అనుమానం."

నవ్వులు. గుసగుసకు కూడా పెదవి మూల నవ్వు మొలిచింది.

"తొమ్మిదో రోజు. అమ్మ కొత్త పొడి పాకెట్టు తెరిచింది. వెలుగు రెట్టింపయింది. కారణం తెలియడం లేదు." ఆమె ఆగి, ఊపిరి తీసుకుని, గట్టిగా చదివింది: "వాతావరణం కావచ్చు."

బస్సు కండక్టరు బల్ల పట్టుకుని వంగిపోయాడు. డాక్టరమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నవ్వీ నవ్వీ ఆయాసపడుతూ, "ఒకటి చెప్పనా? నా అల్మరాలో ఒక తెల్లరాయి ఉంది. పన్నెండేళ్ళుగా ఉంది. దాన్ని నేను పళ్ళ పేస్టుతో తోముతాను. ఇంటికెళ్ళగానే ముందు దాన్ని కడగాలి" అంది. ఆ తర్వాత వరసగా నలుగురు, ఎవరి అనుమానపు రాళ్ళ సంగతి వాళ్ళు బయటపెట్టారు.

అట్టమీదికి గుసగుస ఫొటో ఎక్కలేదు. మధ్య అరలో రాయి తీసేసి గ్లాసు పెట్టారు. మళ్ళీ లైట్లు ఆర్పాక దాన్ని ఫొటో తియ్యని మనిషి లేడు. చీటీ మీద "రాయి" అన్న మాట కొట్టేసి "నీళ్ళు" అని గుసగుసే రాసింది.

బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చుని టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుసగుస రాయిని ఒళ్ళో పెట్టుకుని, ఏమంటాడో అని ఎదురుచూసింది. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఆ కుప్ప రేపు క్రషర్‌లో వేసేయమని చెప్పొచ్చన్నమాట."

"వేసేయొచ్చు నాన్నా."

"మేస్త్రీకి ఏం చెప్పమంటావ్?"

"సబ్బని చెప్పు."

నాన్న ఆమె వైపు తిరిగి చూశాడు. "నేను చెప్పను. నువ్వే వచ్చి చెప్పు. నీ గొంతు వెనక గోడ దాకా వినబడింది తెలుసా? నేను అక్కడే ఉన్నాగా."

ఇంటికెళ్ళి జరిగింది చెబితే అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: "అన్ని రాళ్ళలోకీ ఏది ఎక్కువ వెలిగింది?"

"మన నీళ్ళే."

"నేను చెప్పలేదూ, ఆ పొడి మంచిదని? అందులో రాయి గొప్ప ఏముంది? ఏదీ, ఆ లైటు ఇటివ్వు."

మర్నాడు మధ్యాహ్నం అమ్మా కూతురూ లాడ్జి దుప్పటి కప్పుకుని గుడారంలో కూర్చున్నారు. అమ్మ ముక్కు మీద పసుపు అద్దాలు. దుప్పటంతా నీలంగా వెలుగుతుంటే అమ్మ మొహం పెళ్ళిచూపుల్లో గెలిచిన పిల్లలా విప్పారింది. టార్చి మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ఒక మూల ఠక్కున ఆగిపోయింది. అక్కడ అరచెయ్యంత నల్లమచ్చ. పగటి వెలుతురులో కనబడనే కనబడని టీ మరక.

అమ్మ ఆ మచ్చను గోటితో గీకి చూసింది. తర్వాత దుప్పటి బయట ఎవరూ లేకపోయినా గొంతు బాగా తగ్గించింది.

"ఇది ఎవరికీ చెప్పకే."

"గట్టిగా చెప్పమ్మా, వినబడలేదు" అంది గుసగుస.